సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యమని చెప్పిందెవరు?

ప్రతి ఏడాదీ సెకండియర్ వాళ్ళకి ఓఎస్ ల్యాబ్ మొదలయ్యే వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్ తిరుగుతుంది. "ఉబుంటు ఇన్‌స్టలేషన్ స్టెప్స్" అని పేరు, పన్నెండు పేజీలు, ఎవరు రాశారో ఎక్కడా ఉండదు. స్క్రీన్‌షాట్లలో విండోస్ 8 నాటి రంగురంగుల డబ్బాలు కనిపిస్తాయి. మూడో పేజీలో ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం: ముందుగా బయోస్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యాలి. ఎందుకో రాయలేదు. చదివినవాళ్ళు అడగరు, చేసేస్తారు.

నా గొడవంతా ఆ వాక్యంతోనే. (ఆపరేటింగ్ సిస్టమ్‌ని అచ్చ తెలుగులో రాస్తే మా క్లాసులో ఒక్కడూ చదవడు కాబట్టి ఓఎస్ అనే రాస్తున్నా. క్లబ్ పెద్దలు క్షమించాలి.)

ఒకే కంప్యూటర్లో రెండు ఓఎస్‌లు పెడితే ఎప్పటికైనా ఏదో ఒకటి పోతుందని మనవాళ్ళకి గట్టి నమ్మకం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత కూడా వాడేస్తారు. హార్డ్ డిస్క్ ఒర కాదు, రెండు వాటాల ఇల్లు లాంటిది. విండోస్ ఒక వాటాలో, ఉబుంటు ఇంకో వాటాలో ఏళ్ళ తరబడి ఉండొచ్చు, ఉంటున్నాయి కూడా. ఇబ్బంది ఎక్కడొస్తోందంటే, ఇన్నేళ్ళలో ఇంటి తాళాలు మారిపోయాయి. మన చేతిలో ఉన్న కాగితం మాత్రం మారలేదు.

2012లో విండోస్ 8 వచ్చినప్పుడు, కొత్త ల్యాప్‌టాప్‌లు సెక్యూర్ బూట్ ఆన్‌లో పెట్టే రావాలని మైక్రోసాఫ్ట్ కంపెనీలకి షరతు పెట్టింది. అదేం బ్రహ్మవిద్య కాదు. పవర్ బటన్ నొక్కగానే మొదట లోడయ్యే ప్రోగ్రామ్ మీద నమ్మకమైన సంతకం ఉందా లేదా అని మెషీన్ చూస్తుంది. లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తుంది. మొదట్లో లినక్స్‌కి ఆ సంతకం లేదు, అందుకే ఆఫ్ చెయ్యమన్నారు. అప్పటికి అది సరైన సలహానే. కానీ అదే ఏడాది వచ్చిన ఉబుంటు 12.10 నుంచి, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉబుంటుతో పాటే వస్తోంది. ఆ వెనకే ఫెడోరాకీ వచ్చింది. అంటే మన ల్యాబ్‌లో వాడే ఉబుంటుకి సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యాల్సిన పనే లేదు. ఎన్విడియా డ్రైవర్ వేసుకుంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, రీస్టార్ట్ అయ్యాక అదే అడుగుతుంది, అంతే.

అమీర్‌పేట్‌లో సత్యం థియేటర్ పోయి, 2023లో ఆ చోట ఏఏఏ సినిమాస్ వచ్చింది. అయినా ఆటో ఎక్కితే ఇప్పటికీ "సత్యం దగ్గర ఆపన్నా" అంటాం, ఆటో అన్న కరెక్టుగా ఆపుతాడు. లేని థియేటర్ పేరుతో కూడా ఊళ్ళో పని నడుస్తుంది. బయోస్‌లో అలా నడవదు.

ఎందుకు నడవదో చెప్పాలంటే రెండో తాళం గురించి చెప్పాలి. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొని, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ అనేది దానంతటదే మొదలవుతుంది. బిట్‌లాకర్ అంటే ఆఫీసు ల్యాప్‌టాప్‌లకి ఉండేదని అనుకుంటాం కదా, దాని తమ్ముడే ఇది, హోమ్ ఎడిషన్‌లో కూడా ఉంటుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌తో షరతులు ఇంకా సడలించారు కాబట్టి ఇప్పుడు కొనే మెషీన్లలో చాలావాటికి ఇది ఆన్‌లోనే ఉంటుంది. సీ డ్రైవ్ ఒక్కటే కాదు, లోపలున్న డీ డ్రైవ్ కూడా లాక్ అవుతుంది. దాన్ని తెరిచే తాళంచెవి మదర్‌బోర్డ్‌లోని టీపీఎమ్ దగ్గర ఉంటుంది. మామూలు రోజుల్లో టీపీఎమ్ ఆ చెవిని చప్పుడు లేకుండా ఇచ్చేస్తుంది కాబట్టి తాళం ఉందనే మనకి తెలీదు. బూట్ సెట్టింగ్‌లో మార్పు కనిపించిందా, అది చేతులు కట్టుకుంటుంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యడం అలాంటి మార్పే. అప్పుడు నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఇప్పుడు ఆ పీడీఎఫ్‌లో మూడో పేజీ మళ్ళీ చదవండి.

మా క్లాసులో నల్గొండ వైపు నుంచి వచ్చినవాడు ఒకడున్నాడు. వాడికి చెప్పే రాస్తున్నా. ల్యాప్‌టాప్ వాళ్ళ ఊరి దగ్గర టౌన్లో ఈఎంఐ మీద కొన్నారు. షాపులో అబ్బాయి అక్కడికక్కడే ఏదో ఈమెయిల్ తయారు చేసి, విండోస్ సెటప్ పూర్తి చేసి, బ్యాగులో పెట్టి ఇచ్చాడు. ఆ ఈమెయిల్ ఏంటో, దాని పాస్‌వర్డ్ ఏంటో ఎవరూ రాసుకోలేదు. రికవరీ కీ వెళ్ళి కూర్చునేది ఆ అకౌంట్లోనే.

సోమవారం ల్యాబ్‌కి ఉబుంటు ఉండాలన్నారు. శనివారం వీడు అమీర్‌పేట్‌లో ఒక సర్వీస్ షాపుకెళ్ళాడు. షాపు అన్న రోజుకి పది మెషీన్లకి చేసే పనే ఇది. బయోస్, సెక్యూర్ బూట్ ఆఫ్, రీస్టార్ట్. నీలం స్క్రీన్.

"తమ్మీ, రికవరీ కీ అడుగుతుంది. ఉందా?"

"ఏం కీ అన్నా?"

"నలభై ఎనిమిది అంకెలుంటయ్."

"నా దగ్గర ఏం లేదన్నా."

"అయితే ఫార్మాటే. సాయంత్రానికి ఇచ్చేస్తా."

వీడు డీ డ్రైవ్‌లో ఉన్నవి అలాగే ఉంటాయనుకున్నాడు. మనందరికీ చిన్నప్పట్నుంచి అలవాటే కదా, సీ ఫార్మాట్ చేసినా డీ ఉంటుందని. సాయంత్రానికి కొత్త విండోస్, పక్కన ఉబుంటు, బిల్లు 800. డీ డ్రైవ్ ఖాళీ. అందులో వీడి పాటలు, సినిమాలు పోతే పోయాయి. వాళ్ళ అక్క ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా అందులోనే ఉంది. ఊళ్ళు తిరిగి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో రాసుకున్న రీడింగులు, ఆరు నెలల పని. సగం నోటుబుక్కుల్లో ఉన్నాయి. మిగతా సగం నేరుగా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది.

మర్నాడు వాడితో పాటు నేనూ వెళ్ళాను. అమీర్‌పేట్ నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే. అక్కడ డేటా రికవరీ చేసే ఆయన డిస్క్ పెట్టి చూసి, అరగంట తర్వాత తల అడ్డంగా ఊపాడు. పాత డిస్కులైతే పార్టిషన్ పోయినా టెస్ట్‌డిస్క్ లాంటివాటితో చాలావరకు లాగేవాళ్ళమని, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ మీద మళ్ళీ విండోస్ ఎక్కించాక మిగిలేది అర్థం లేని బైట్లేనని చెప్పాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. బయటికొస్తుంటే ఆయనే ఒక మాటన్నాడు. "ఆ నీలం స్క్రీన్ వచ్చినప్పుడు మళ్ళీ బయోస్‌లోకి పోయి సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఉంటే అయిపోయేది కదమ్మా."

అది నిజం. సెట్టింగ్‌ని మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేస్తే, చాలాసార్లు టీపీఎమ్ మళ్ళీ తాళంచెవి ఇచ్చేస్తుంది, కీ లేకుండానే విండోస్ మామూలుగా తెరుచుకుంటుంది. రెండు నిమిషాల పని. ఆ షాపు అన్నకి ఇది తెలీదు. ఆయన నేర్చుకున్నది కూడా మన పీడీఎఫ్ లాంటి కాగితం నుంచే అయ్యుంటుంది.

ఇక్కడ షాపులవాళ్ళని తిట్టడం చాలా ఈజీ. నేను తిట్టను. వాళ్ళకి డబ్బులిచ్చేది మెషీన్ ఆన్ అయ్యేలా చేసినందుకు, అందులో ఏముందో కనుక్కున్నందుకు కాదు. ఎదురుగా పదిమంది నిలబడి సాయంత్రానికి కావాలంటుంటే ఫార్మాట్ అన్నిటికన్నా తొందరగా అయ్యే మందు. నాకు కోపం వచ్చేది, ఒక ల్యాబ్ కోసం ఇంతమందిని డిస్క్ విడగొట్టుకోమని పంపించి, డిస్క్‌లో ఏముందో ఒక్క గంట కూడా చెప్పని మన పద్ధతి మీద. బ్యాంకర్స్ అల్గారిథమ్ మనకి నోటికొచ్చు. పేజ్ రీప్లేస్‌మెంట్ మీద పది మార్కుల ప్రశ్న రాయగలం. మన సొంత ల్యాప్‌టాప్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ ఎక్కడుందో, అది ఎందుకుందో అడిగితే క్లాసంతా నిశ్శబ్దం.

అమీర్‌పేట్ సంగతీ అంతే. మైత్రీవనం చుట్టుపక్కల లినక్స్ అడ్మిన్ కోర్సు బోర్డులకి కొదవ లేదు. జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన మెటీరియల్ దొరుకుతుంది, అందులో ఎల్‌వీఎమ్ ఉంటుంది, పర్మిషన్లుంటాయి, ఇంటర్వ్యూ ప్రశ్నలుంటాయి. ప్రాక్టీసు మాత్రం వర్చువల్ మెషీన్లో. కోర్సుకి అది సరిపోతుంది. విండోస్ పక్కన లినక్స్ పెట్టడం ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు కాబట్టి అది ఏ సిలబస్‌లోనూ లేదు. పక్క వీధిలో రోజూ జరిగే పని అదే.

"అయితే డ్యూయల్ బూట్ ఎందుకు, డబ్ల్యూఎస్ఎల్ వేసుకోండి" అంటారు కొందరు. ఓఎస్ ల్యాబ్‌లో మనం రాసే ఫోర్క్, పైప్, సెమాఫోర్ ప్రోగ్రాములకి డబ్ల్యూఎస్ఎల్ నిజంగానే సరిపోతుంది. విండోస్‌లో ఒక్క కమాండ్ కొడితే వచ్చేస్తుంది, డిస్క్ విడగొట్టక్కర్లేదు. ల్యాబ్‌లో దాన్ని ఒప్పుకోవాలని నేను గట్టిగా అంటాను. స్క్రీన్‌షాట్‌లో ఉబుంటు వాల్‌పేపర్ కనిపిస్తేనే మార్కులనడం అన్యాయం. వర్చువల్‌బాక్స్ ఇంకో దారి. 16 జీబీ ర్యామ్ ఉన్నవాడికి అది హాయి. 8 జీబీలో సగం దానికిచ్చి, మిగతా సగంతో విండోస్ నడుపుతూ, పైన క్రోమ్ తెరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. 4 జీబీ వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

అంటే చివరికి డ్యూయల్ బూట్ తప్పనిసరయ్యేది ఎవరికి? మంచి ల్యాప్‌టాప్ కొనలేనివాళ్ళకి. డేటాకి రెండో కాపీ పెట్టుకోడానికి ఎక్స్‌టర్నల్ డిస్క్ లేనివాళ్ళకి. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే మెషీన్ ఉన్నవాళ్ళకి. ఉన్న మూడు దారుల్లో ప్రమాదం ఎక్కువున్నది, పోతే మళ్ళీ తెచ్చుకోలేనివాళ్ళ మీద పడుతోంది. ఇది టెక్నికల్ ప్రాబ్లమ్ అని నేననుకోను.

మిగతా చిక్కులు దీనంత ప్రాణం మీదికి తెచ్చేవి కావు. షాపుల గల్లాలు నింపేవి మాత్రం అవే. పరీక్షలయ్యాక ఉబుంటుతో పనేముందని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్ డిలీట్ చేస్తారు చూడండి, రీస్టార్ట్ చెయ్యగానే నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అని వచ్చి ఆగిపోతుంది. విండోస్ పోయిందనుకుని షాపుకి పరుగు. విండోస్ ఎక్కడికీ పోలేదు. ఈఎఫ్ఐ పార్టిషన్లో ఉబుంటు లోడర్ మిగిలిపోయి, తన ఇల్లు కనపడక అక్కడ నిలబడింది, అంతే. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ తెరిచి (డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9) విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే పాత విండోస్ పాత వాల్‌పేపర్‌తో ప్రత్యక్షం. తర్వాత బయోస్‌లో విండోస్‌ని మొదటి వరసలో పెట్టుకుంటే సరి. దీనికి కూడా ఫార్మాట్ చేయించుకున్నవాళ్ళు మా హాస్టల్‌లో ఇద్దరున్నారు.

ఫాస్ట్ స్టార్టప్ ఇంకోటి. షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచే ఉంటుంది. అప్పుడు ఉబుంటు నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్ తీసేస్తే పోతుంది. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో అసలు డిస్కే ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి కనపడదు, ఆర్ఎస్‌టీ ఆన్‌లో ఉంటుంది కాబట్టి. దాన్ని బయోస్‌లో టపీమని మార్చేస్తే ఈసారి విండోస్ నీలం స్క్రీన్ వేస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లోకి వెళ్ళేలా పెట్టి, తర్వాత మార్చాలి.

గడియారం సంగతి మాత్రం నాకు భలే ఇష్టం. విండోస్ మదర్‌బోర్డ్ గడియారంలో ఉన్నది మన ఊరి టైమ్ అనుకుంటుంది. లినక్స్ దాన్ని గ్రీన్విచ్ టైమ్‌గా పెడుతుంది. హైదరాబాద్‌కీ గ్రీన్విచ్‌కీ తేడా ఐదున్నర గంటలు. ఉబుంటులో పని చేసి రాత్రి 11కి విండోస్‌లోకి వస్తే సాయంత్రం 5:30 చూపిస్తుంది. అసైన్‌మెంట్ అర్ధరాత్రి లోపు పెట్టాలనుకోండి, ఇంకా బోలెడు టైముంది అనుకుని టీకి వెళ్తారు. నెట్ తగలగానే కాసేపటికి సర్దుకుంటుంది, లేదా లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో లోకల్ టైమ్ వాడమని చెప్పొచ్చు.

అన్నీ మన వైపు తప్పులే అన్నట్టు రాస్తున్నానేమో, మైక్రోసాఫ్ట్‌ని కూడా ఒక మాట అనాలి. 2024 ఆగస్టు 13న వచ్చిన అప్‌డేట్ పాత బూట్ లోడర్లని సెక్యూర్ బూట్ ఒప్పుకోకుండా చేసింది. డ్యూయల్ బూట్ మెషీన్లకి ఇది వర్తించదని చెప్పారు, వాటిని సరిగ్గా గుర్తుపట్టలేకపోయారు. ప్రపంచమంతా ఎంతోమంది ఉబుంటు తెరవబోతే ఏదో ఘోరంగా తప్పు జరిగిందంటూ మెసేజ్ వచ్చి మెషీన్ ఆగిపోయింది. పూర్తి పరిష్కారం 2025 మే అప్‌డేట్‌లో గానీ రాలేదు. ఆ దెబ్బకి సెక్యూర్ బూట్ కాసేపు ఆఫ్ చేసి, సరిచేసుకుని, మళ్ళీ ఆన్ చెయ్యాల్సి వచ్చింది. 48 అంకెల కీ ఫోన్లో ఉన్నవాళ్ళు ప్రశాంతంగా చేసుకున్నారు. నేను అసలు ఆఫ్ చెయ్యొద్దనడం లేదు. ఎందుకు చేస్తున్నామో తెలిసి, కీ దగ్గర పెట్టుకుని చెయ్యాలంటున్నా.

సీనియర్లలో కొందరి వాదన వేరు. "మేమూ ల్యాప్‌టాప్‌లు పాడుచేసుకునే నేర్చుకున్నాం, నాలుగుసార్లు ఫార్మాట్ కొడితేనే ఓఎస్ వస్తుంది" అంటారు. మీ ల్యాప్‌టాప్ మీ ఇష్టం అన్నా, పాడుచేసుకోండి. వాడి డిస్క్‌లో ఉన్నది వాడిది కాదు, వాళ్ళక్కది. పైగా మీరు పాడుచేసుకున్న రోజుల్లో పంజాగుట్ట ఆయన టెస్ట్‌డిస్క్‌తో వెనక్కి తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ రెండో ఛాన్స్ లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి కాబట్టి లినక్స్ కావాలనేవాళ్ళు పెరుగుతారే గానీ తగ్గరు. తెలుగులో వాడుకునే లినక్స్ కోసం ఇదే హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా పని చేసింది, కాలేజీల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ గ్రూపులు పెట్టించింది. లినక్స్ గ్రూపుల్లో ఇన్‌స్టాల్ ఫెస్ట్ అనే అలవాటు ఉంది. ఒక శనివారం అందరూ మెషీన్లు తెచ్చుకుని, తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని వేసుకుంటారు. మన ఓఎస్ ల్యాబ్ మొదటి క్లాసుని అలా మార్చమని హెచ్ఓడీ సర్‌కి లెటర్ రాశాం. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు ల్యాబ్‌లో పెట్టమని కూడా అడిగాం, ఎవరికి కావాలంటే వాళ్ళు ముందు బ్యాకప్ తీసుకోడానికి. సెకండియర్ సీఆర్‌లు ఇద్దరూ సంతకం పెట్టారు, జవాబు రావాల్సి ఉంది.

ఈ లోపు తెలుగు క్లబ్ చెయ్యగలిగిన పని ఒకటుంది. మైత్రీవనం చుట్టూ ఉన్న జిరాక్స్, సర్వీస్ షాపుల్లో అంటించడానికి ఒక్క పేజీ కాగితం, మామూలు తెలుగులో. నేను రాసిన డ్రాఫ్ట్ ఇది:

"ఉబుంటు వేసే ముందు: మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి. అందులోకి వెళ్ళి రికవరీ కీ ఫోటో తీసుకోండి. అకౌంట్ మీది కాకపోతే, సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగండి. ఎన్‌క్రిప్షన్ ఉండగా ఉబుంటు ఇన్‌స్టాలర్ విండోస్ పక్కన పెట్టే ఆప్షన్ ఇవ్వకపోవచ్చు, అప్పుడు డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ నొక్కొద్దు. సెక్యూర్ బూట్ జోలికి వెళ్ళొద్దు. నీలం స్క్రీన్ వస్తే, చివరగా ఏ సెట్టింగ్ మార్చారో అది వెనక్కి పెట్టి మళ్ళీ ఆన్ చేసి చూడండి. డీ డ్రైవ్ కూడా లాకే. ఫార్మాట్ అనే ముందు, ఇంట్లో ఇంకెవరి ఫైళ్ళైనా ఇందులో ఉన్నాయా అని అడగండి."

"డివైస్ ఎన్‌క్రిప్షన్" కన్నా మంచి తెలుగు మాట ఎవరికైనా తడితే చెప్పండి, కానీ స్క్రీన్ మీద కనిపించే మాట పక్కన ఉండి తీరాలి, లేకపోతే వెతుక్కోలేరు. శుక్రవారం ల్యాబ్ అయ్యాక మా క్లాసు వెనక బెంచీల దగ్గర ఉంటాం. ప్రింట్లకి తలా పది రూపాయలు తీసుకురండి.